గరుకు పోవాలంటే గీకాల్సిందేనా?

మా కారు కొని ఏడేళ్లయింది. తెల్ల కారు. దూరం నుంచి చూస్తే ఇప్పటికీ బాగానే ఉంటుంది. ఇబ్బందల్లా చెయ్యి వేస్తేనే. సంక్రాంతి ముందు ఆదివారం షాంపూ వేసి శుభ్రంగా కడిగి, తుడిచి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలా ముందుకి జరిపాను. బొంబాయి రవ్వ ఒలికిన వంటగట్టు మీద చెయ్యి పెట్టినట్టు గరగరలాడింది. మళ్లీ కడిగాను. మళ్లీ అంతే. గోటితో గీరితే ఒక రేణువు ఊడింది, మిగతావి మొండికేశాయి. వంగి దగ్గరగా చూస్తే ఆవగింజలో పదోవంతు కూడా లేని నారింజరంగు చుక్కలు. కొన్నిటి చుట్టూ టీ మరకలాంటి చిన్న వలయం.

ఎప్పుడూ వెళ్లే వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి చూపించాను. "ఏటి సార్, పెయింట్ చచ్చిపోయిందండి. రబ్బింగ్ కొట్టించీండి, అద్దంలా వచ్చేస్తాది" అన్నాడు. సరే, ఇంకాస్త పెద్ద చోట అడుగుదామని ఏసీ గది, సోఫా, కాఫీ ఇచ్చే షాపుకి వెళ్లాను. అక్కడ అదే మాట ఇంగ్లిషులో చెప్పారు. పెయింట్ కరెక్షన్, దాని మీద సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పొర, మూడేళ్ల వారంటీ, అంతా కలిపి 28 వేలు. సంక్రాంతి ఆఫర్ అట, లేకపోతే ఇంకా ఎక్కువేనట.

ఇద్దరూ లైటు వేసి చూశారు, ఫోనుతో ఫొటో తీశారు. ఇద్దరిలో ఒక్కరూ కారు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

నా గొడవంతా అక్కడే మొదలైంది. నేను చెప్పిన జబ్బు గరుకు. వాళ్లు మందు రాసింది గీతలకి. గరుకంటే పెయింట్ మీద బయటి నుంచి ఏదో వచ్చి కూర్చున్నట్టు. గీతంటే పెయింట్‌లోంచి కొంత పోయినట్టు. మొదటిదానికి వచ్చినదాన్ని లేపితే చాలు. రెండోదానికి చుట్టుపక్కల పెయింట్‌ని కూడా ఆ గీత లోతుకి అరగదియ్యాలి. రబ్బింగ్ అంటే అరగదియ్యడమే, ఇందులో రహస్యమేం లేదు. గోడ మీద బల్లి ఉందని గోడ చెక్కించుకుంటామా?

అరగదియ్యడానికి అక్కడ ఎంత సరుకు ఉందో తెలిస్తే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇప్పటి కార్లలో రేకు మీద ముందు తుప్పు పట్టకుండా తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి ఎక్కించే పొర ఉంటుంది. దాని మీద రంగు పట్టడానికి వేసే ప్రైమర్, ఆ పైన రంగు, రంగు పైన నీళ్లలా కనబడే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కారు పెయింట్ మొత్తం రెండు వెంట్రుకలంత కూడా లేదు. అందులో మెరుపంతా ఇచ్చేదీ, ఎండని ఆపేదీ ఆ పై క్లియర్ కోట్. అది 40 మైక్రాన్లు అటూ ఇటూ. గట్టి కాంపౌండ్, అంటే అరగదీసే పేస్టు, పెట్టి మెషిన్ తిప్పిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి. బానెట్ అంచులు, డోర్ల మీది మడతల దగ్గర పెయింట్ ఇంకా పల్చన, మెషిన్ ఒత్తిడి ఇంకా ఎక్కువ. రబ్బింగ్ అయ్యాక అంచుల్లో ప్రైమర్ బయటపడ్డ కార్లు మీరూ చూసే ఉంటారు. పోయిన క్లియర్ కోట్‌ని ఏ పాలిషూ తిరిగి తేదు. మళ్లీ పెయింట్ వెయ్యాల్సిందే.

మరి ఇంతమంది ఇంత నమ్మకంగా రబ్బింగ్ అని ఎందుకంటారు? వాళ్లంతా మోసగాళ్లని నేననుకోను. అది అంబాసిడర్ల కాలం నుంచి వచ్చిన మాట. అప్పటి అంబాసిడర్లకి, పద్మినీలకి, తొలినాటి మారుతీ 800లకి చాలావాటికి పైన క్లియర్ కోట్ లేదు. ఉన్నది రంగే. నాలుగు వేసవులు ఎండలో నిలబడితే ఆ రంగు పైపొర సున్నంలా పొడిబారేది. చేత్తో రాస్తే వేళ్లకి అంటుకునేది. రబ్బింగ్ కాంపౌండ్ ఆ చచ్చిన పొరని తీసేస్తే కింద తాజా రంగు బయటపడేది. మా చిన్నప్పుడు ఎదురింటి డాక్టరుగారి నీలం అంబాసిడర్‌ని వాళ్ల డ్రైవర్ రుద్దుతుంటే చూసేవాళ్లం. అతని చేతిలో పాత బనియన్ గుడ్డ నీలంగా మారిపోయేది. ఆ పెయింట్‌కి ఆ వైద్యం సరైనదే. పెయింట్ మారింది, వైద్యం మారలేదు.

ఇక్కడో చిన్న జాగ్రత్త. కొన్ని సాదా తెలుపు రంగులకి ఇప్పటికీ పైన క్లియర్ కోట్ ఉండకపోవచ్చు. కనబడని మూల నల్ల గుడ్డతో కొంచెం పాలిష్ రుద్దితే గుడ్డకి తెల్లరంగు అంటిందా, క్లియర్ కోట్ లేనట్టే. పాలిష్ తెల్లగా ఉంటుంది కాబట్టి మోసపోకండి, ఆరాక చూడండి. మాది ముత్యపు తెలుపు, పైన క్లియర్ కోట్ ఉన్న రకం.

ఇంతకీ ఆ చుక్కలు ఎక్కడివి? మేం ఉండేది విశాఖలో కంచరపాలెం వైపు. ఈ ఊళ్లో ఏ మరక పడినా ముందు పోర్టుని తిట్టడం మా జన్మహక్కు. నేనూ తిట్టాను. ఊరికే కాదు కదా. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి కిరండూల్-కొత్తవలస రైలు లైను వేసిన దగ్గర్నుంచి ఇనుప ఖనిజం ఈ ఊరికి వ్యాగన్లలో దిగుతూనే ఉంది. బొగ్గు సంగతి సరేసరి. పాతనగరంలో మా పిన్ని వాళ్లు డాబా మీద ఆరేసిన బట్టలు దులపకుండా మడతపెట్టరు. ఇక ఉక్కు కర్మాగారం. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కే గానీ, నా బానెట్ మీద కాదని ఆ రోజు ఇంట్లో జోకు కూడా వేశాను.

తీరా ఆరా తీస్తే దొంగ పోర్టు కాదు. ఖనిజం దుమ్ము అప్పటికే ఆక్సీకరణం అయిపోయిన ఇనుము. అది పైన పడుతుంది, అంటుకుంటుంది, మసిగా మారుస్తుంది. కానీ పెయింట్‌లోకి దిగి, అక్కడ కొత్తగా తుప్పు పట్టి, చుట్టూ వలయం గీసే రకం కాదు. ఆ పని చేసేది లోహరూపంలో ఉన్న ఇనుము. అందులోనూ వేడిగా వచ్చి పడినది. బ్రేకు వేసినప్పుడు డిస్క్ నుంచి రాలేది, రైలు చక్రాల కింద పట్టాల నుంచి లేచేది, గ్రైండర్ నుంచి ఎగిరేది. అప్పుడు వెలిగింది నాకు. రెండేళ్ల క్రితం మా పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేచింది. బాల్కనీ గ్రిల్స్ కోసం మూడు నెలలు మా గోడ పక్కనే కోత, వెల్డింగు. దీపావళి చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు చిమ్ముతుంటే మా పాప చప్పట్లు కొట్టేది. నేనూ నిలబడి చూసేవాణ్ని. కారు ఆ గోడకి ఇవతలే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ నిప్పురవ్వ అంటే ఎర్రగా కాలుతున్న ఇనుప నలుసు. క్లియర్ కోట్ మీద పడగానే కింద కాస్త మెత్తబరిచి అందులో కూరుకుపోతుంది. చల్లారాక షాంపూకి గానీ నీళ్ల ప్రెషర్‌కి గానీ లొంగదు. పైన సముద్రపు తేమ, ఉప్పుగాలి. నెల తిరక్కుండా తుప్పు. తుప్పుపట్టిన ఇనుము పాత ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ నలుసు తన చుట్టూ ఉన్న పెయింట్‌ని పక్కకి తోసుకుంటూ పెరుగుతుంది. చేతికి తగిలే గరుకు అదే.

రబ్బింగ్ ఎందుకు తప్పో దీంతో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అలా కూరుకున్న నలుసుల మీద మెషిన్ పెడితే కొన్ని తలలు తెగి వేళ్లు లోపలే ఉంటాయి. కొన్ని ఊడి మెషిన్‌కున్న స్పాంజి ప్యాడ్‌లో ఇరుక్కుంటాయి. ఇక ఆ ప్యాడ్ కారంతా తిరుగుతుంది. ఇనుప రజను పూసిన స్పాంజితో కారు తోమినట్టు. ఆ పైన కోటింగ్ వేస్తే మిగిలిన తుప్పుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసినట్టు.

నేనేం చేశానో చెప్తాను. ముందు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగాను, కూరగాయలకిచ్చే రకం. కవరు వేసుకుని తడి పెయింట్ మీద వేళ్లు జరిపితే గరుకు రెట్టింపుగా తెలుస్తుంది. నమ్మకపోతే మీ కారు మీద ఇప్పుడే చూడండి. బానెట్, టాప్, డిక్కీ మీద గరగర. డోర్ల పైసగం ఫర్వాలేదు. కిందిసగం మళ్లీ గరగర, కాకపోతే అది తారు. చెయ్యి చెప్పేది నిండుగా వినకుండా పని మొదలుపెట్టకూడదు.

ఇనుముకి వాడే ద్రవం ఒకటి దొరుకుతుంది, ఐరన్ రిమూవర్ అంటారు. చల్లేటప్పుడు నీళ్లలా ఉంటుంది. ఒక నిమిషం ఏమీ జరగలేదు. వృథా అయ్యాయిరా 600 రూపాయలు అనుకుంటుండగా బానెట్ మీద అక్కడొకటి ఇక్కడొకటి ఊదా చుక్కలు పొడిచాయి. చూస్తూండగానే అవి పెద్దవై ధారలు కట్టాయి. తెల్ల బానెట్ మీద ఎవరో నేరేడుపళ్లు చిదిమినట్టు కారిపోయింది. మా పాప భయపడి వాళ్లమ్మని పిలిచింది. వాసన మాత్రం దారుణం. రోమాలు తీసే క్రీముల వాసన తెలుసుగా, అదే, ఇంకా ఘాటుగా. రెండింట్లోనూ ఉండేది ఒకే జాతి రసాయనం, థయోగ్లైకోలేట్. అక్కడ వెంట్రుకని కరిగిస్తుంది, ఇక్కడ తుప్పుని పట్టి నీళ్లలో కలిసేలా చేస్తుంది, ఆ కలయిక రంగే ఊదా. నీడలో చెయ్యాలి, గ్లోవ్స్ వేసుకోవాలి, ఆరిపోకముందే కడిగెయ్యాలి. తారుకి వేరే ద్రావకం. మా నాన్నగారైతే కిరోసిన్ గుడ్డతో తుడిచేవారు. పని అవుతుంది, జిడ్డు మిగులుతుంది.

ఇవి అయ్యాక కవరు చేత్తో మళ్లీ చూస్తే గరుకు సగానికి పైగా పోయింది. మిగిలినదానికి క్లే.

క్లే బార్ అంటారు గానీ అది మట్టి కాదు. సాగే రెసిన్‌లో అతి మెత్తని రాపిడి పొడి కలిపిన ముద్ద. జపాన్‌లో పుట్టింది. టదావో కొదాతే అనే ఆయన పేరిట 1990లలో దీనికి అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్‌లో దీని పేరు 'ప్లాస్టిక్ ఫ్లెక్సిబుల్ గ్రైండింగ్ స్టోన్', అంటే మెత్తగా వంగే సానరాయి. అమ్మేవాళ్లు క్లే అని ముద్దుపేరు పెట్టాక అది సానరాయన్న సంగతి మరుగున పడింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఆ అసలు పేరే. (ఇంకో తమాషా. బైలదిల్లా ఖనిజం దశాబ్దాల పాటు మా పోర్టు నుంచి ఓడలెక్కి వెళ్లింది ఎక్కువగా జపాన్‌కే. ఇక్కడి ఇనుము అటు పోయింది, ఇనుము గీకే ముద్ద అటునుంచి వచ్చింది.)

100 గ్రాముల ముద్దలో సగం తుంచి గోరువెచ్చని నీళ్లలో ఉంచి పిసికితే చపాతీ పిండిలా వస్తుంది. మా ఆవిడ చేతిలో పెడితే నాకంటే బాగా పిసికింది. దాన్ని పూరీ అంత వత్తి, మూడు వేళ్ల కింద పట్టుకుని, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లిన చోట నడపాలి. గడ్డం గీసుకోవడం లాంటిదే ఇది. నురగ ఉన్నంతసేపు కత్తి చర్మం మీద జారుతూ పైకి లేచిన వెంట్రుకనే తెంపుతుంది, నురగ ఆరితే చర్మం తెగుతుంది. క్లే కూడా నీళ్ల పొర మీద తేలుతూ, ఆ పొరలోంచి తల పైకెత్తిన నలుసునే పట్టుకుంటుంది. ఒత్తకూడదు. దాని బరువు, వేళ్ల బరువు చాలు. రెండడుగుల చదరం చొప్పున, ముందుకి వెనక్కి, గుండ్రంగా తిప్పకుండా.

మొదటి నాలుగు సార్లు చేతి కింద సర్రుమని ఇసుక శబ్దం. వేళ్లకి అడ్డం తగులుతున్నట్టు ఉంటుంది. అయిదు, ఆరు సార్లకి ఆ శబ్దం సన్నగిల్లింది. తర్వాత ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు, ముద్ద దానంతటదే జారిపోయింది. ఆ క్షణం ఎంత బాగుంటుందో రాయడం నా వల్ల కాదు. తిప్పి చూస్తే నీలం ముద్ద మీద గోధుమరంగు చారలు, వాటి మధ్య నల్లటి నలుసులు. మడిచి, మళ్లీ పిసికి, శుభ్రమైన వైపు బయటికి తెచ్చి పక్క చదరానికి వెళ్లాను.

అంతా సజావుగా సాగిందని కాదు. వెనక డోర్ దగ్గరికి వచ్చేసరికి ఎండ తిరిగింది. నీళ్లు ఆరుతున్నాయని తెలిసీ ఈ ఒక్క అడుగే కదా అని నడిపించాను. అక్కడ పొగపట్టినట్టు సన్నటి మసక వచ్చింది. సానరాయి అని పేటెంట్‌లో ఊరికే రాయలేదు. ఆ మసక పోవడానికి మెత్తని పాలిష్ చేత్తో రాయాల్సి వచ్చింది, అదీ అరచేతి మేర. తర్వాత ముద్ద చేయిజారి గచ్చు మీద పడింది. తీసి ఊది చూశాను, శుభ్రంగానే ఉన్నట్టనిపించింది. ప్రాణం ఒప్పలేదు గానీ పారేశాను. గచ్చు మీది ఒక్క ఇసుకరేణువు అందులో దూరితే, గీతలు వద్దని ఇంత వాదించిన నేనే గీతలు గీసుకున్నవాణ్ని అవుతాను. మిగిలిన సగం ముద్దతో పూర్తిచేశాను. మొత్తం మూడున్నర గంటలు. క్లేకి 700, ఐరన్ రిమూవర్‌కి 600. చివర్లో వ్యాక్స్ తప్పనిసరి, ఎందుకంటే పెయింట్ మీద అంతకుముందున్న రక్షణని కూడా క్లే ఊడ్చేస్తుంది, పెయింట్ బట్టల్లేకుండా నిలబడుతుంది.

మా మావయ్యగారు పండక్కి వచ్చి ఇదంతా విని, "కారు ఎక్కడానికా అల్లుడూ, నిమరడానికా?" అన్నారు. నవ్వేశాను గానీ మాట సూటిగానే తగిలింది. నిజమే, గరుకు కారు కూడా శ్రీకాకుళం దాకా అంతే వేగంగా వెళ్తుంది. ఆయన మాటకి నా జవాబు ఇది. ఏమీ చెయ్యకుండా వదిలేస్తానంటే, రబ్బింగ్ కొట్టించడం కంటే అది వెయ్యి రెట్లు నయం. దుమ్ము ఎన్నాళ్లున్నా పెద్ద నష్టం లేదు. ఇనుప చుక్క వేరు. అది ఊరుకోదు, తుప్పు ముదిరేకొద్దీ లోతుకి తవ్వుకుంటూ పోతుంది. పక్షిరెట్టని, చెట్టు జిగురుని కూడా ఎండలో వదలకండి. మిగతాదంతా ముచ్చటే, ఒప్పుకుంటాను. ముచ్చట కోసమని ఏటా నాలుగైదు సార్లు క్లే రుద్దేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకీ రబ్బింగ్ వాళ్లకీ నాకు పెద్ద తేడా కనబడదు. కవరు చెయ్యి గరుకంటే చెయ్యాలి, లేదంటే మానాలి. మాకు మహా అయితే ఏడాదికోసారి.

షాపుల వైపు న్యాయం కూడా చూడాలి. రబ్బింగ్ కొడితే మెరుపు పదడుగుల దూరం నుంచి కనబడుతుంది. నునుపు కంటికి కనబడదు. మూడు గంటలు వంగి పనిచేసి, "చెయ్యి పెట్టి చూడండి సార్" అంటే ఎంతమంది డబ్బిస్తారు? కళ్లకి నచ్చితేనే మనం జేబులో చెయ్యి పెడతాం, అందుకే వాళ్లు కళ్లకి నచ్చేదే అమ్ముతారు. పద్ధతిగా చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లని పట్టుకోవడం తేలికే. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉందా అని అడగండి. మెషిన్ పెట్టేముందు క్లే చేస్తారా అని అడగండి. "అవన్నీ ప్యాకేజీలో ఉంటాయి సార్" అంటే కాదు, ఎలా చేస్తారో చూపించమనండి. నాకు 28 వేలు చెప్పిన చోట మీటర్ సంగతి ఎత్తగానే సేల్స్ అబ్బాయి లోపలికెళ్లి ఇంకొకర్ని పిలుచుకొచ్చాడు. ఆయన వచ్చి మళ్లీ కాఫీ తాగమన్నాడు.

క్లే వల్ల కానిది ఒకటి ఉంది, బోరు నీళ్ల మరకలు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లతో కడిగి, తుడవకుండా ఎండలో వదిలేసిన పాపం నాదే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం బొట్టు ఆరిన చోట తెల్ల వలయంగా మిగులుతాయి. కొత్త మరకైతే పల్చన చేసిన వెనిగర్‌తో పోతుంది. నెలల తరబడి ఎండకి కాలితే ఆ వలయం పెయింట్‌లోనే గుంట తవ్వుతుంది. అప్పుడు అక్కడ తియ్యడానికి ఏమీ ఉండదు, ఉన్నది గుంటే. దాన్ని పోగొట్టాలంటే చుట్టూ ఉన్నదాన్ని గుంట లోతుకి దించాలి.

మా కారు టాప్ మీద అలాంటివి రెండున్నాయి, అర్ధరూపాయి బిళ్లంత. కింద నిలబడితే కనబడవు. మేడ మీది నుంచి, అదీ పొద్దున్న వాలు ఎండలో అయితే కనబడతాయి. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ చూసి, "ఇంత చేసి ఆ రెండూ వదిలేశారేంటండీ?" అని పైనుంచి కేకేసింది. అవి అలాగే ఉంటాయని చెప్పాను.